యాడికి అని అడుగు

కామారెడ్డి,
20 జూన్ 2010.

అక్కకు శనార్థులు.

పద్మ పెళ్లయి నెల దాటింది. నిన్ను ఎల్లారెడ్డి బస్సెక్కించి వచ్చినవాణ్ణి మళ్లీ ఒక్క అక్షరం రాయలేదని నామీద కోపంగా ఉండి ఉంటావు. ఫోన్ చేయొచ్చు కదా అంటారు అందరూ. ఫోన్‌లో నేను "మంచిగున్నవా" అంటాను, నువ్వు "మంచిగున్న" అంటావు, అంతటితో అయిపోతుంది. పైగా ఆ ఫోన్ మీ బావగారి జేబులో ఉంటుంది. అందుకని ఈ కాగితం. మా డ్రైవర్ స్వామిదాసు ఎల్లారెడ్డి బస్సు మీదున్నాడు. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఇచ్చిపోతాడు. జవాబు కూడా అక్కడే పెట్టు.

అప్పగింతలప్పుడు నువ్వు నాకు కనిపించలేదు. కాబట్టి జరిగింది నీకు తెలియదనుకుని రాస్తున్నాను. పద్మ సుమోలో కూర్చుంది. తల్లి కదా, తార బండి తలుపు పట్టుకుని వదలదు. ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. పెళ్లికొడుకు వాళ్లు పొద్దు గూకుతోందని తొందర చేస్తున్నారు. బిడ్డతో ఏదో ఒకటి చెప్పాలి, మాట రావడం లేదు. అంతలో నా కండక్టర్ చెయ్యి దానంతటదే లేచి బండిని రెండుసార్లు చరిచింది. నోరు "రైట్ రైట్" అంది. ఆ డ్రైవర్ కూడా ఎవడో గాని మంచి అలవాటున్నవాడు, అన్న మరుక్షణమే పోనిచ్చాడు. బిడ్డ పోయింది. చుట్టాలంతా ఏడుపు ఆపి కడుపు పట్టుకుని నవ్వారు. తార వారం దాకా నాతో మాట్లాడలేదు. పద్మ ఫోన్ చేసి ఒకటే మాట అంది. "నాన్నా, పాసింజర్‌ను పంపినట్టు పంపినవు నన్ను."

దానికి తోడు మొన్న మద్నూర్ బస్సులో ఇంకొకటి. పొద్దున్నే ఒక ముసలావిడ కొత్త చీర కట్టుకుని ఎక్కింది. మనుమడికి పిల్లను చూడబోతోందట. "యాడికి అవ్వా?" అన్నాను. కళ్లెర్ర చేసింది. "మంచి పనికి పోతుంటే పొద్దుగాల్నే యాడికి అని అడుగుతవా? నీ నోట్ల మన్నువడ." అడగకపోతే టికెట్ ఎట్ల కొట్టాలి అన్నాను. కొంగుముడి విప్పుతూ, "అందర్నీ అడుగుతున్నవు గని, నువ్వు యాడికి కొడుకా?" అంది. "నేను యాడికీ పోను అవ్వా, బస్సు పోతది" అన్నాను. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదలడం లేదు.

బయలుదేరే మనిషిని యాడికి అని అడగకూడదని అమ్మ మనకు చిన్నప్పుడే నేర్పింది. అడిగితే పని కాదంటుంది. అడగవలసి వస్తే "దూరమా?" అనాలంటుంది. అట్లాంటి అమ్మ కడుపున పుట్టి, ఆ అడగకూడని మాటనే అడిగి అడిగి నేను అన్నం తింటున్నాను. బిచ్కుంద దాటితే మరాఠీలో అడుగుతాను. నలభై ఆరేళ్లు వచ్చాయి, ఆ అవ్వ తప్ప నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు. బస్టాండులో కంట్రోలర్ కుర్చీ ఖాళీ అవుతోందట, దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చెప్పడమే, ఎవరినీ ఏమీ అడిగే పని ఉండదు.

నిన్ను ఎవరైనా యాడికి అని అడిగితే ఏం చెప్తావక్కా?

నీ తమ్ముడు
సిద్ధిరాములు


ఎల్లారెడ్డి,
4 జూలై 2010.

తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరంలో "కూర్చుంది, నవ్వాను, అన్నాను" చూసి నవ్వుకున్నాను. మనిషివి ఎదురుగా ఉంటే వచ్చిన, పోయిన అంటావు. కాగితం ముందర కూర్చుంటే లింగంపేట బడిలో ఎంకయ్య సారు బెత్తం పట్టుకుని నీ వెనక నిలబడతాడు. ఉత్తరమంటే పుస్తకం మాట రాయాలని ఆయన మన వేళ్ల మీద కొట్టి చెప్పాడు. నా వెనక కూడా ఆయనే నిలబడ్డాడు, చూశావుగా.

నీ "రైట్" నేను విన్నాను. వంటల పందిట్లో బియ్యం బస్తాల వెనక ఉన్నాను. గుడ్డ సందులోంచి పద్మ మొహం కొంచెం కనిపిస్తోంది. నువ్వు ఆ మాట అనగానే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను, నవ్వి నవ్వి ఏడ్చాను. నీకు ఏడవడం రాక ఆ మాట వచ్చింది. చిన్నప్పుడు మన బాపు పోయిననాడు కూడా నువ్వు ఏడవకుండా బర్రెలకు నీళ్లు పెట్టావు, పెట్టిన బర్రెకే మళ్లీ మళ్లీ పెట్టావు. పద్మకు ఇది తెలియదు. పోయి చెప్పు. ఫోన్‌లో కాదు, పోయి చెప్పు.

ఇంక నీ ప్రశ్న. నన్ను ఎవరడుగుతారు? అడగాలంటే ముందు నేను గడప దాటాలి. పొద్దున అందరూ బయలుదేరే వేళకు నేను పెరట్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టుకుంటూ ఉంటాను. బావగారు పోవాలి, ఆయన భార్య మా యారాలు పోవాలి, వీధిలో బడిపిల్లలు పోవాలి. వాకిలి చప్పుడు అణిగాకే ఇవతలికి వస్తాను. ఎవరూ ఉండమని చెప్పలేదు. బావగారి కొడుకు బాలరాజు ఒకసారి పరీక్షకు పోతూ ఉంటే నేను ఎదురు వచ్చాను. వాడు చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, కూర్చుని నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాడు. నన్నొక్క మాట అనలేదు, మంచి పిల్లగాడు. ఆనాటి నుంచి నేనే జాగ్రత్తగా ఉంటున్నాను.

చూశావా, నువ్వు నోరు తెరిస్తే అపశకునం, నేను కనబడితే అపశకునం. మనిద్దరినీ అమ్మ ఏ ముహూర్తాన కన్నదో గాని. కంట్రోలర్ కుర్చీలో నువ్వు ఆగవు. అరగంట కూర్చోలేని మనిషివి.

అక్క
బాలలక్ష్మి


కామారెడ్డి,
1 ఆగస్టు 2010.

అక్కా,

పద్మ దగ్గరికి దోమకొండ పోయాను. వాకిట్లో నిలబడి "ఏడుపు రాక రైట్ అన్న బిడ్డా" అని చెప్పాను. ఆమె లోపలికి పోయి చాయ్ తెచ్చింది. నోట్లో పెట్టుకోలేనంత చక్కెర వేసింది. గ్లాసు ఖాళీ అయ్యే దాకా నా పక్కనే కూర్చుంది. మా ఇద్దరికీ అంతే చాలు.

నీ ఉత్తరం మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. పెళ్లిలో నువ్వు పందిరి వెనక ఉన్నది వంట పని మీద అనుకున్నాను. "అక్క చూసుకుంటది" అని నలుగురితో గొప్పగా చెప్పాను కూడా. మీ ఆయన, మా బావ పోయి పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లలో మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చాను, పొద్దున పూట నువ్వు ఎందుకు కనిపించవో ఒక్కసారీ అడగలేదు. ఊళ్లోవాళ్లందరినీ అడిగే మనిషిని.

ఇప్పుడు అడుగుతున్నాను. ఇది టికెట్ కోసం కాదు. నీకు యాడికి పోవాలని ఉందక్కా? తిరుపతి, యాదగిరిగుట్ట అని చెప్పి తప్పించుకోకు. నీకోసం నువ్వు పోవాలనుకునే చోటు చెప్పు.

సిద్ధిరాములు


ఎల్లారెడ్డి,
13 మార్చి 2011.

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయలేదని అలగకు. ఆకు మంచిది రావడం లేదు, కట్టలు తిప్పి పంపుతున్నారు, పని ఎక్కువైంది. ఒంట్లో బాగానే ఉంది. పద్మను అడిగానని చెప్పు. తార మోకాళ్లకు నువ్వుల నూనె పట్టించమను.

ఒక మాట. మంగళవారం స్వామిదాసు చేతికి ఉత్తరం ఇవ్వకు. మంగళవారాలు నేను దొరకను.

ఇంకో మాట. నీ బస్సులో తండాల వాళ్లు ఎక్కుతారు కదా, లంబాడీ మాటలు నీకేమైనా వచ్చా? నీళ్లను పాణి అంటారని నాకు తెలిసింది. కొంచెం ఓర్చుకో, అయిపోయింది, భయం లేదు, ఈ మూడింటికీ ఏమంటారో కనుక్కుని రాసి పంపు. ఎందుకని అడగకు.

నువ్వు అడిగిన దానికి జవాబు ఇంకా దొరకలేదనుకో. వెతుకుతున్నాను.

బాలలక్ష్మి


కామారెడ్డి,
6 అక్టోబరు 2011.

అక్కా,

సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలో నిలబడి ఉన్నాయి. అందుకే ఇది పోస్టులో వేస్తున్నాను, ఎప్పుడు అందుతుందో తెలియదు.

ముందు ఇది చెప్పు. నీకేమైంది? డిపో గేటు ముందు టెంటులో నేనూ స్వామిదాసూ పొద్దంతా కూర్చుంటున్నాం. కబుర్లన్నీ అయిపోయి నిన్న వాడు నోరు జారాడు. నువ్వు ప్రతి మంగళవారం మొదటి బస్సుకు కామారెడ్డి వస్తున్నావట. పెద్ద దవాఖాన గేటు దగ్గర దిగుతున్నావట. సాయంత్రం అక్కడే ఎక్కుతావట. ఎన్ని నెలలుగా అంటే వాడు నాలుక కరుచుకుని "అక్క చెప్పొద్దన్నది, నన్నడగకు" అని లేచిపోయాడు. ఊళ్లోకి వచ్చి, నా ఇంటికి రాకుండా, దవాఖానకు పోయి తిరిగిపోతున్నావు. లంబాడీలో భయం లేదు అనే మాట ఎందుకు అడిగావో గాని, నాకు మాత్రం భయంగా ఉంది. ఏ జబ్బయినా సరే, నాకు చెప్పు. ఏదైనా చేద్దాం. నువ్వు లేకుండా నేను ఉండలేను. ఈ మాట ఎదురుగా నిలబడి చెప్పడం నాతో కాదు, కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో మంచి వార్త ఉంది. పద్మకు అయిదో నెల. మాఘమాసంలో కాన్పు అన్నారు. తార అప్పుడే పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది.

నా సంగతి నవ్వులాటగా ఉంది. సమ్మె మొదలైన రెండోనాడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా వేసుకుని, సంచీ కోసం వెతుకుతున్నాను. తార పొయ్యి దగ్గర నుంచి "యాడికి?" అంది. నడింట్లో నిలబడిపోయాను. చూడు, అడగనే అడిగింది, అదీ నా పెళ్లాం. పీటేసుకుని కూర్చుని పొద్దంతా ఆలోచించాను. బస్సు కోసం నాకు బెంగ లేదు. జనం కోసమే ఉంది. ఊరి పేరు చెప్పేటప్పుడు మనిషి మొహంలో ఆ ఊళ్లో తనకున్న పని కనిపిస్తుంది. కోర్టుకు పోయేవాడు బాన్సువాడ అన్న తీరు వేరు, బిడ్డను చూడబోయే ఆమె బాన్సువాడ అన్న తీరు వేరు. అది నాకు కావాలి. కంట్రోలర్ కుర్చీకి పెట్టిన దరఖాస్తు వాపసు తీసుకున్నాను. నేనే పోయి, నేనే చించాను.

వెంటనే రాయి. దవాఖాన సంగతి దాచకు.

నీ తమ్ముడు


ఎల్లారెడ్డి,
12 అక్టోబరు 2011.

తమ్మీ,

నాకు ఏ జబ్బూ లేదు. ముందు ఆ మాట చదివి చెంబెడు నీళ్లు తాగు. తర్వాత కూర్చుని మిగతాది చదువు. స్వామిదాసును తిట్టకు.

మొన్న శివరాత్రి ముందు సంగతి ఇది. రుక్మిబాయి అని తండా ఆమె, మా వీధిలో గంప ఎత్తుకుని మొరంగడ్డలు అమ్ముతుంది. పెరట్లో నా దగ్గర కాసేపు కూర్చుని పోతుంది. ఆ రోజు పొద్దున్నే గంప లేకుండా వచ్చింది. కోడలు సునీలకు నొప్పులు ఎత్తుకుంటే కామారెడ్డి దవాఖానకు పంపారట. కొడుకు ప్రకాశ్ మహారాష్ట్రలో చెరుకు కొట్టబోయాడు. "నాకు బోర్డులు చదవరాదు, నువ్వు చదువుతవు గద, జర నా ఎంబడి రా అక్కా" అంది. అందరూ బయలుదేరే వేళ. "జర సేపు ఆగు, వీళ్లు పోయినంక వస్త" అన్నాను. "కాన్పు ఆగుతదా?" అంది. ఆ మాటకు లేచాను. చాట అట్లాగే వదిలేసి ముందు వాకిట్లోంచి నడిచాను. ఎవరు ఎదురు వచ్చారో, ఎవరు వెనక్కి తిరిగారో చూడలేదు.

బస్సులో కండక్టర్ వచ్చి "యాడికమ్మా?" అన్నాడు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. అన్నేళ్లకు ఒకరు అడిగితే చెప్పడం మరిచిపోయాను. రుక్మిబాయే ఇద్దరికీ చెప్పింది.

దవాఖానలో రుక్మిబాయి మందుల కోసం కిందికి పోయింది. నేను సునీల పక్కన కూర్చున్నాను. చిన్నపిల్ల, పద్మ వయసు. నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని "యాడీ, యాడీ" అని అరుస్తోంది. నన్ను యాడికి పోతున్నవు అని అడుగుతోందనుకున్నాను. లేచిపోతానని భయపడుతోంది పాపం అనుకుని "యాడికీ పోను బిడ్డా, ఈడనే ఉంట" అన్నాను. ఆమె యాడీ అన్నప్పుడల్లా నేను అదే జవాబు. మధ్యాహ్నం దాకా మా ఇద్దరి మాటా అంతే. చివరికి కొడుకు పుట్టాడు. రుక్మిబాయికి ఈ సంగతి చెప్తే ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. "యాడి అంటే మా మాటల అమ్మ" అంది.

తమ్మీ, ఆ పిల్ల పొద్దంతా నన్ను అమ్మా అని పిలిచింది. నేను పలికాను. నాకు తెలియకుండానే పలికాను.

మరుసటి మంగళవారం పసివాణ్ణి చూద్దామని పోయాను. పక్క మంచం మీద ఇంకొక పిల్ల, ఎవరూ లేరు. వార్డు ఆయమ్మ "నువ్వు జర కూసుంటవా అక్కా" అంది. కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి మంగళవారం. సమ్మెలో కూడా జీపుల్లో వేలాడుతూ వచ్చాను. నాకు వైద్యం రాదు, మందుల పేర్లు రావు. బీడీలు చుట్టి చుట్టి లేవకుండా కూర్చోవడం వచ్చింది. నొప్పులు పడే మనిషికి పక్కన లేవకుండా కూర్చునేవాళ్లే కావాలని అక్కడ చూశాకే తెలిసింది. యాభై ఏళ్లకు నేను దేనికి పనికొస్తానో నాకు తెలిసింది.

అంతా తియ్యగా లేదు. ఒకసారి ఒకావిడ నా నుదురు చూసి కోడలిని అటు తిప్పి పడుకోబెట్టింది. నేను లేచి వచ్చేశాను. ఆ రోజు బస్సులో ఏడ్చాను. మళ్లీ మంగళవారం పోయాను.

నీకెందుకు చెప్పలేదంటే, పద్మ ఉంది కాబట్టి. ఎప్పటికైనా దానికీ కాన్పు వస్తుంది, నువ్వు నన్ను రమ్మంటావు. ఇప్పుడు రానే వచ్చింది. ముందే చెప్తున్నాను, పిలవకు. ఊరి పిల్లల దగ్గర కూర్చుంటాను. మన పిల్ల దగ్గర నాకు ధైర్యం లేదు. ఏదైనా అటూ ఇటూ అయితే నా మొహం చూసి అయిందంటారు. వాళ్లు అనకపోయినా నేనే అనుకుంటాను. ఆ తర్వాత బతకలేను.

అక్క


కామారెడ్డి,
20 నవంబరు 2011.

అక్కా,

నీ ఉత్తరం తారకు చదివి వినిపించాను. నీ అనుమతి అడగలేదు, తిట్టదలిస్తే తిట్టు. మొత్తం విని, తార పొయ్యి మీద కూర మాడబెట్టింది. "వదిన మన ఇంటి ముందల్నుంచి పోయి, మన ఇంట్ల నీళ్లు కూడ తాగకుండ పోయింది" అని ఆ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నీ మొహం గురించి ఏమంటావని అడిగాను. "ఏమనాలె? నాకు పెండ్లయిన కొత్తల పురుడు పోసింది ఎవరు?" అంది. నిజమే, పద్మ పుట్టినప్పుడు స్నానాలు పోసింది నువ్వే. అప్పుడు బావ ఉన్నాడు. మనిషివి అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే.

డిపోలో అడిగి ఎల్లారెడ్డి రూటు వేయించుకున్నాను. సంక్రాంతి దాటాక స్వామిదాసుతో డ్యూటీ. బస్సు రాత్రి మీ ఊళ్లోనే ఆగుతుంది, పొద్దున మొదటి ట్రిప్పు మాదే. మంగళవారాలు ఇంక నానుంచి తప్పించుకోలేవు.

కింద పద్మ రాస్తోంది. నేను చూడకూడదట.

అత్తా, నేను పద్మను. నాన్న నీ ఉత్తరం నాకూ చూపించాడు. సునీలకు నువ్వు ఏం చెప్పినవో నాకూ అదే చెప్పాలె. నాకు లంబాడీ రాదు, తెలుగులోనే అరుస్త. మా అత్తగారు ఏమన్న అంటే నేను చూసుకుంట. నువ్వు రాకపోతే నీతోని జన్మల మాట్లాడ.


ఎల్లారెడ్డి,
8 జనవరి 2012.

తమ్మీ, తారా, పద్మా, ముగ్గురికీ దీవెనలు.

మీ ప్రేమకు దండం. నేను రాను. తారకు తోడుగా రుక్మిబాయిని పంపుతాను, ఆమె నాకంటే గట్టి మనిషి. నన్ను బలవంతం చేయకండి.

బాలలక్ష్మి


ఎల్లారెడ్డి,
26 ఫిబ్రవరి 2012.

తమ్మీ,

పద్మ కాన్పు నాడు బస్సులో జరిగింది నువ్వు తారకు సగమే చెప్పావట. నవ్వొచ్చే సగం చెప్పి, మిగతాది మింగావట. మొత్తం నేను రాస్తున్నాను. నువ్వు వార్డు బయటే తిరుగుతూ ఉన్నావు కాబట్టి లోపలి సంగతి కూడా.

తెల్లవారుతూనే బావగారి ఫోన్‌కు తార ఫోన్ వచ్చింది. బావగారు చాట దగ్గరికి తెచ్చి నా చెవికి పెట్టారు. తార ఫోన్ పద్మకు దగ్గరగా పెట్టినట్టుంది. పిల్ల మూలుగు వినిపించింది. అంతే. పిలవడానికి ఇంతకంటే ఏం కావాలి. కొంగు దులుపుకుని లేచాను.

అందరూ బయలుదేరే వేళే. గడప దగ్గర బాలరాజు చెప్పులు వేసుకుంటున్నాడు. ఇప్పుడు వాడికి మండల ఆఫీసులో ఉద్యోగం. నేను ఎదురు వచ్చాను. నన్ను చూశాడు. ఇంక చెప్పులు విప్పుతాడు అనుకున్నాను. బండి స్టార్ట్ చేసి "ఎక్కు చిన్నమ్మా, బస్టాండుల దింపుత" అన్నాడు. ఆనాటి పరీక్ష వాడికీ గుర్తుందని వాడి చెవులు ఎర్రబడటం చూసి తెలిసింది.

బస్సెక్కాను. నీకూ అప్పటికే కబురు తెలుసు. నీ మొహంలో రక్తం చుక్క లేదు. వెనక సీట్ల నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తున్నావు. యాడికి పెద్దమనిషీ, యాడికి చెల్లే, యాడికి తాతా. నా దగ్గరికి వచ్చావు. నన్ను అడగలేదు. మొహం పక్కకు తిప్పి, కామారెడ్డి టికెట్ చింపి నా ఒళ్లో పెట్టి ముందుకు నడిచావు.

నాకు కోపం వచ్చింది తమ్మీ. అంత కోపం నాకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. బస్సు నిండా జనం, అందరికీ ఒక పోయే చోటు ఉంది, నాకే లేనట్టు. నీ సంచీ పట్టుకుని వెనక్కి గుంజాను.

"నన్నెందుకు అడగలే?"

నువ్వు వంగి, నా చెవిలో "ఇయ్యాల వద్దక్కా" అన్నావు. అప్పుడు అర్థమైంది. నా మొహం గురించి నేను ఎట్లా భయపడుతున్నానో, నీ నోటి గురించి నువ్వు అట్లా భయపడుతున్నావు. బిడ్డ కాన్పుకు పోతుంటే యాడికి అనే మాట నీ నోట్లోంచి రాకూడదనుకున్నావు. నాకు ధైర్యం చెప్పి చెప్పి, నువ్వే భయం దాచుకున్నావు.

నిన్ను చూశాక నా భయం పోయింది. ఎట్లా పోయిందంటే చెప్పలేను. ఇద్దరిలో ఒకరైనా గట్టిగా ఉండాలి కదా, అదే అయి ఉంటుంది.

"అడుగు తమ్మీ" అన్నాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. "నేను ఏనాడన్న నిన్ను ఏమన్న అడిగిన్నా? ఇది అడుగుతున్న. అందర్ని అడిగినట్టు నన్ను అడుగు." స్వామిదాసు బస్సు తీయకుండా అద్దంలోంచి చూస్తున్నాడు. జనమంతా మా వంకే. నువ్వు తువ్వాలతో మొహం తుడుచుకుని, నిలబడి, అడిగావు. గట్టిగానే అడిగావు.

"యాడికి అక్కా?"

"నా బిడ్డ కాడికి" అన్నాను. మేనకోడలు అనాలి, బిడ్డ అని వచ్చింది. నాకు జవాబు రావడానికి నువ్వు అడిగినప్పటి నుంచి ఏడాదిన్నర పైన పట్టింది. పక్కన కూర్చున్న ముసలమ్మ మూట కాళ్ల కిందికి జరిపి "నిమ్మళంగ కూసో బిడ్డా, మంచిగయితది" అంది. అప్పుడు నువ్వు రైట్ అన్నావు. ఆ రైట్ బాగుంది. ఈసారి ఏడుస్తూనే అన్నావు, నేను చూశాను.

లోపల పద్మ నన్ను చూడగానే తిట్టింది. ఇంతసేపా అని, చెప్పలేని మాటలన్నీ అంది, మీరు పెంచిన పెంపకమే. చెయ్యి ఇచ్చాను. వదలలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా "యాడికీ పోకు అత్తా" అంది. నేను ఎరిగిన జవాబే కాబట్టి ఇబ్బంది పడలేదు. వాళ్ల అత్తగారు ఒకసారి లోపలికి వచ్చి, నన్ను చూసి, పద్మను చూసి, నాకు తాగడానికి నీళ్లు పెట్టి పోయింది.

పాప పుట్టగానే సిస్టరమ్మ తుడిచి, దగ్గరున్నానని నా చేతుల్లోనే పెట్టింది. నేను అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాను. మొదటి చూపు నాది కాకూడదని. తార వచ్చి, నా గడ్డం పట్టుకుని, చిన్నపిల్లకు తిప్పినట్టు తిప్పింది. "చూడు వదినా, అది నిన్నే చూస్తున్నది" అంది. చూశాను. నీ ముక్కే వచ్చింది పాపం, ఏం చేస్తాం.

ఇంక ఎంకయ్య సారును పొమ్మని, మిగిలింది మన మాటల్నే రాస్త. నేను మంచిగున్న తమ్మీ. ఫోన్ల చెప్పే మంచిగున్న కాదు, నిజంగ మంచిగున్న. ఇయ్యాల పొద్దుగాల అందరు పొయ్యేటప్పుడు ముందటి అరుగు మీదనే కూసున్న. పోయేటోళ్లు పోయిండ్రు. ఇద్దరు ముగ్గురు మొఖం తిప్పుకున్నరు. తిప్పుకోని. ఒకామె పాపెట్లున్నదని అడిగి పోయింది.

ఎల్లుండి మంగళవారం. మొదటి బస్సుకు వస్తున్న. నాకు టికెట్ ఊకెనే చేతుల పెట్టకు. అందరు ఇనేటట్టు అడుగు.

నీ అక్క
బాలలక్ష్మి